అడుగు నుంచి చదివిన జాబితా

పదిహేడో సూది. చిన్ని దారం కొసను పెదవులతో తడిపి, వేళ్ళ మధ్య నలిపి, బెజ్జంలోంచి లాగింది. మూరెడు వదిలి కత్తిరించి, గోడకు వేలాడే గుడ్డదిండుకు సూదిని గుచ్చింది. ఇంకా పదమూడున్నాయి.

అమ్మ చొక్కాలకు కాజాలు కుడుతుంది. మధ్యాహ్నం దాటాక ఆమెకు గుడ్డ మీద గీత కనిపిస్తుంది కాని సూది బెజ్జం కనిపించదు. ముప్ఫై సూదులకు దారం ఎక్కించి పెడితే సాయంత్రం దాకా వస్తాయి. ఐదేళ్ళుగా అది చిన్ని పని.

ఇవాళ ఆ పని మొదలైన దగ్గర్నుంచీ ఎవరూ మాట్లాడలేదు. గడియారం రెండుంపావు చూపిస్తోంది. ఐదింటికల్లా ఏదో ఒకటి తేల్చాలి.

నాన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. పార్సిల్ ఆఫీసు గోడౌన్‌లో లోడింగ్ క్లర్కు ఆయన. జ్వరమొచ్చినా డ్యూటీకి పోయే మనిషి ఇవాళ పోలేదు. పోనని కూడా చెప్పలేదు. పొద్దున్నే చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, అక్కడే కూర్చుండిపోయాడు.

"కూర్చుంటే సీటు మారుతుందా?" అంది అమ్మ, చొక్కా మీంచి తల ఎత్తకుండా.

నాన్న జేబులో పెన్ను సరిచేసుకున్నాడు.

"మిమ్మల్నే."

"వింటున్నాను."

"వినడానికేం. నిన్న సాయంత్రం నుంచీ వింటూనే ఉన్నారు."

మంచం మీద నానమ్మ ఇటు ఒత్తిగిలింది. తుంటి ఎముక విరిగి అతికినప్పటి నుంచీ ఆమె ఒత్తిగిలితే మంచం కిర్రుమని ఇల్లంతటికీ తెలుస్తుంది. "పరీక్ష తప్పిన ఇంట్లో ఇలా ఉంటారని తెలుసు. సీటొచ్చిన ఇంట్లో కూడా ఇలాగే ఉంటారని ఇప్పుడే చూస్తున్నా," అంది.

ఎవరూ నవ్వలేదు.

సీటు వచ్చిన మాట నిజమే. ఎమ్మెస్సీ సీటు. ఇంటికి అరగంట దూరంలో ఉన్న కాలేజీలో, ఎనలిటికల్ కెమిస్ట్రీలో వచ్చింది. చిన్ని రాసిచ్చిన ఏడు ఆప్షన్లలో అది ఏడోది. మొదటిది హైడ్రోజియాలజీ, భూమి లోపలి నీళ్ళ చదువు. రైల్లో ఒక రాత్రీ ఒక పూటా ప్రయాణం చేస్తే గాని చేరలేని యూనివర్సిటీలో ఉంది. చిన్ని ర్యాంకు నలభై ఒకటి. అరవై మూడో ర్యాంకు అబ్బాయికి అందులో సీటు దొరికింది. చిన్నికి దొరకలేదు. దొరక్కపోవడమేమిటి, అసలు ఆ వరస దాకా ఎవరూ చూడనే లేదు. ఫారంలో ఆమె మొదటి కోరిక కెమిస్ట్రీ అని ఉంది. అడిగింది ఇచ్చేశారు.

ఆప్షన్లు ఇవ్వాల్సిన పది రోజులూ చిన్ని తన కాలేజీ మేడమ్ వెంట బావుల సర్వేకు పోయింది. ఫోను పలకని చోటు. బస్సు కదిలే ముందు ఏడు కోడ్ నంబర్లు కాగితం మీద రాసి నాన్న జేబులో పెట్టింది. నాన్న ఆ కాగితం తీసుకుని అక్క పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు వెళ్ళాడు. ఆయన చదువుతుంటే అక్క అక్కడి కంప్యూటర్లో టైపు చేసింది.

"ఇంకొక్కసారి చెప్పండి," అంది అమ్మ. "నాకింకా బుర్రకెక్కడం లేదు. ఒకటి నుంచి ఏడు దాకా రాసిస్తే ఏడు నుంచి ఒకటి దాకా ఎలా చదువుతారండీ?"

నాన్న మోకాళ్ళ మీద అరచేతులు పెట్టుకున్నాడు. "లారీలో ముందు ఎక్కించిన సరుకు చివర్న దిగుతుంది. చివర్న ఎక్కించింది ముందు దిగుతుంది. ఒకటో నంబరంటే లోపలికి పోయేది. మొదటి ఊళ్ళో దించాల్సింది ఎప్పుడూ అట్టడుగు వరసలో రాస్తాం."

"ఇది లారీనా?"

"కాదు."

"మరి?"

"ఇంట్లో కూడా అలాగే రాసుకుంటాం కదా."

అదీ అబద్ధం కాదు. ఈ ఇంట్లో ఏ జాబితా అయినా అడుగు నుంచే చదువుతారు. బజారు చీటీలో ముందు కావాల్సింది కింద ఉంటుంది. నానమ్మ మందుల చీటీలో పొద్దుటి మాత్ర కింద, రాత్రి మాత్ర పైన. చిన్ని రెండో తరగతిలో ఉన్నప్పుడు, పొద్దున లేచి చేసే పనులు రాయమంటే బడికి పోవడంతో మొదలెట్టి పళ్ళు తోముకోవడంతో ముగించింది. పంతులమ్మ ఇంటికి కబురు పెట్టింది. నాన్న వెళ్ళి, పలక చూసి, సరిగ్గానే రాసింది కదండీ అని వచ్చాడు.

"నాకోసం రాసేటప్పుడు చిన్ని ఎప్పుడూ లోడింగ్ వరసలోనే రాస్తుంది," అన్నాడు నాన్న. అది నేరం ఒప్పుకునే గొంతూ కాదు, వాదించే గొంతూ కాదు. "ఇదీ అంతే అనుకున్నా. అన్నీ అంకెలే. ఏ అంకె ఏ చదువో నాకేం తెలుసు?"

చిన్ని ఇంకో సూది తీసుకుంది. "నేనూ అలాగే రాసుండాల్సింది నాన్నా. బస్సువాడు హారన్ కొడుతున్నాడు. ఫారంలో ఎలా ఉంటుందో అలా రాసేశాను."

"నువ్వెందుకే సంజాయిషీ ఇస్తావు?" అమ్మ దారం పళ్ళతో తెంపింది. "ముందు కావాల్సింది చివర్న ఎక్కిస్తారట. కాపురం పెట్టడానికి ఈ ఇంటికి సామాను తెచ్చిన రోజు లారీలోంచి అన్నిటికంటే ముందు దిగింది మీ అమ్మగారి మంచం. నేను ఆనాడే అర్థం చేసుకోవాల్సింది."

"ఆ మంచం మీదే కదే ఇప్పుడూ పడుకున్నా," అంది నానమ్మ. "నా తుంటి విరిగింది గాని అది చెక్కుచెదరలేదు. వాడు చూసి ఎక్కించిన సరుకు మరి."

ఈసారి అమ్మ పెదవి కొంచెం కదిలింది. నవ్వయ్యేలోపే ఆగిపోయింది.

చిన్ని ముప్ఫయ్యో సూది గుచ్చి లేచింది. మేడమ్ మూడింటికి ఫోను చేస్తానన్నారు.

*

మేడమ్ చెప్పిన మాట చెప్పినట్టు చేస్తారు. సరిగ్గా మూడింటికి ఫోను మోగింది. చిన్ని వీధి మెట్ల మీద కూర్చుని మాట్లాడింది. ఎదుటింటివాళ్ళ గోడ నీడ మెట్ల దాకా వచ్చింది.

"హైడ్రోజియాలజీలో రెండు సీట్లు మిగిలాయమ్మా," అన్నారు మేడమ్. ఆమె గొంతు కూడా అలసిపోయి ఉంది. "నీకంటే పై ర్యాంకుల్లో నలుగురు రెండో విడత కోసం చూస్తున్నారు. వాళ్ళు అదే అడుగుతారో, ఇంకోటి అడుగుతారో నేను చెప్పలేను. చెప్పానంటే అబద్ధం చెప్పినట్టే."

"మీరైతే ఏం చేస్తారు మేడమ్?"

అవతల కాసేపు కాగితాలు కదిలిన చప్పుడు.

"నా ఇంట్లో కెమిస్ట్రీ వద్దని అరిచేవాళ్ళెవరూ లేరు. తీసుకొమ్మని బతిమాలేవాళ్ళూ లేరు. అందుకని నా మాట నీకు పనికిరాదు," అన్నారామె. మళ్ళీ, "కెమిస్ట్రీ చెడ్డ చదువు కాదు. నువ్వు బాగానే చదువుతావు. కాకపోతే బావి దగ్గర నువ్వు టేపు పట్టుకుని నిలబడడం నేను చూశాను. అంతే," అన్నారు.

చిన్ని లోపలికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఐదులోపు ఒప్పుకుంటే కెమిస్ట్రీ సీటు ఖాయం. ఐదులోపు వదులుకుంటే రెండో విడతలో వరస మళ్ళీ రాసివ్వొచ్చు, కాని వస్తుందన్న పూచీ లేదు. రెంటిలో ఏదీ చేయకపోతే ఈ ఏడాదికి ఏ చదువూ లేదు.

"రెండు సీట్లకు నలుగురు," అన్నాడు నాన్న. "నువ్వు ఐదోదానివి."

"వాళ్ళు నలుగురూ అదే అడగాలని లేదు కదా నాన్నా."

"అడగరనీ లేదు కదా."

"లేదు."

"కెమిస్ట్రీ చదివితే మందుల కంపెనీల్లో ఉద్యోగాలుంటాయంటున్నారు."

"ఉంటాయి."

"అది చెడ్డదా?"

"చెడ్డదని నేనెప్పుడన్నాను?"

మాట ఎక్కడికీ పోలేదు. ఇద్దరూ నెమ్మదస్తులే. వీళ్ళిద్దరూ పోట్లాడుకుంటే పక్కగదిలో నిద్రపోయేవాళ్ళు లేవరని నానమ్మ అంటూ ఉంటుంది.

"ఒకటి చెప్పు," అన్నాడు నాన్న చివరికి. "ఆ నీళ్ళ చదువులో ఏముంది?"

చిన్నికి చెప్పడం రాలేదు. నిరుడంతా వారం వారం పన్నెండు బావుల దగ్గరికి పోయింది. టేపు చివరి మూరకు సుద్ద పూసి బావిలోకి వదిలేది. నీళ్ళు తగిలిన మేర సుద్ద తడిసి నల్లబడేది. పైకి లాగి ఆ గీత ఎక్కడుందో చూసి పుస్తకంలో రాసుకునేది. పదకొండు బావుల్లో గీత కాస్త పైకీ కాస్త కిందికీ ఆడేది. తొమ్మిదో బావిలో మాత్రం వారానికి జానెడు చొప్పున కిందికే పోయింది. చుట్టూ వానలు పడుతున్నప్పుడు కూడా కిందికే పోయింది.

"తొమ్మిదో బావి ఆయన ఉన్నాడు కదా, చెప్పాను నీకు," అంది. "నేను వెళ్ళినప్పుడల్లా వచ్చి పక్కన నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. ఆఖరి వారం మాత్రం అడిగాడు. అమ్మా, ఇన్నాళ్ళూ కొలిచావు కదా, నీళ్ళు ఎటు పోతున్నాయీ అని. నాకు తెలీదన్నాను. ఏడాది పాటు కొలిచి తెలీదన్నాను నాన్నా. ఆయన నన్నేమీ అనలేదు. తాగడానికి నీళ్ళిచ్చి పంపాడు. ఆ బావి నీళ్ళే."

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు.

"అది తెలుసుకునే చదువు అదొక్కటే. నీళ్ళల్లో ఏం కలిసిందో కెమిస్ట్రీ చెప్తుంది. ఎటు పోయాయో చెప్పదు."

"ఎటు పోతాయే," అంది నానమ్మ. "లోతు చూడాలంటే ఓ రాయి వేస్తే సరిపోదూ? దానికి రెండేళ్ళు చదవాలా, బావుల ఇన్‌స్పెక్టరు గారూ?"

"రాయి వేస్తే చప్పుడు తెలుస్తుంది నానమ్మా. అంతే."

అమ్మ కాజా పూర్తి చేసి చొక్కా మడిచింది. "ఆయనెవరో నీళ్ళిచ్చాడని నువ్వు చేతికొచ్చిన సీటు వదులుకుంటావా? నేను చదువుకున్నదాన్ని కాదు. కాని మొయిలు చూసి ముంత ఒలకబోసుకోకూడదని మాత్రం తెలుసు."

"నాన్నా, నువ్వు చెప్పు."

"నీ ఇష్టం," అన్నాడు.

ఆ మాటకు అర్థమేమిటో చిన్నికి తెలుసు. ఈ ఇంట్లో నాన్న సరేనంటే సరే. వద్దనడం ఆయనకు చేతకాదు. వద్దనుకున్న ప్రతిసారీ నీ ఇష్టమనే అన్నాడు. నాలుగేళ్ళ కిందట అక్కకు మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. అదే నెలలో నానమ్మ తుంటి విరిగింది. అప్పుడు అక్కతో కూడా ఇదే కుర్చీలోంచి ఇదే మాట అన్నాడు. అక్క ఆ వారమే ల్యాబులో చేరింది.

*

అక్క మూడుంపావుకు వచ్చింది. చెప్పులు గోడవారగా విప్పి, ఎవరినీ చూడకుండా పెరట్లోకి పోయి మోచేతుల దాకా కడుక్కుంది. ఎంత కడుక్కున్నా ఆమె వచ్చిందంటే గదిలోకి స్పిరిటు వాసన వస్తుంది.

"ఏమైంది?" అంది, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. ఎవరినీ ప్రత్యేకించి అడిగినట్టు లేదు.

"ఏమవుతుంది?" అంది అమ్మ. "మీ నాన్న నీ ఇష్టమన్నారు."

అక్క తువ్వాలు దండెం మీద వేసింది. దాని అంచులు సరిచేసింది. మళ్ళీ సరిచేసింది.

"తిన్నావా?"

"ల్యాబులో తిన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

"ఏదో తిన్నాను. పొద్దున్నుంచీ నలభై మంది. ఒక పెద్దాయనకు నరం దొరకదు. మూడుసార్లు గుచ్చాల్సి వచ్చింది. ఏమీ అనలేదు పాపం. చెయ్యి చాపి ఉంచాడు."

చిన్ని అప్పటికే అక్క పాత ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సీటు వదులుకునే మీట ఎక్కడుంటుందో ముందే చూసి పెట్టుకుందామని తెరిచింది. ఆ పేజీలో ఒక పక్కన 'మీరు సమర్పించిన ఆప్షన్లు' అని ఉంది. నిన్నటి నుంచీ ఎవరూ దాన్ని తెరిచి చూడలేదు. తప్పు ఎలా జరిగిందో తెలిసిపోయాక చూడ్డానికేముందని ఊరుకున్నారు.

ఇప్పుడు తెరిచింది.

ఏడు వరసలున్నాయి. ఒక్కో కోడ్ నంబరు పక్కన చదువు పేరు, కాలేజీ పేరు, ఊరి పేరు. పెద్ద అక్షరాల్లో. మొదటి వరస పక్కన ఎనలిటికల్ కెమిస్ట్రీ. ఏడో వరస పక్కన హైడ్రోజియాలజీ.

చిన్ని దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత కొత్త ఫారం నమూనా తెరిచి, ఒక కోడ్ నంబరు కొట్టి చూసింది. కొట్టగానే పక్కన పేరు వచ్చేసింది. నంబరు కొట్టినవాళ్ళకు పేరు కనపడకుండా ఉండదు.

ల్యాప్‌టాప్ మూయలేదు. కదలకుండా కూర్చుంది. అక్క వంటింటి గడపలో నిలబడి టీ పోసుకుంటోంది.

"అక్కా."

"ఊఁ."

"నాన్న నంబర్లు చదువుతుంటే నువ్వే కొట్టావు కదా."

"నేనే."

"కొడుతుంటే పేర్లు వచ్చుంటాయి కదా."

గిన్నెలోంచి గ్లాసులోకి పడుతున్న టీ ఆగిపోయింది.

"పనిలో ఉన్నానే. జనం నిలబడి ఉన్నారు."

"ఏడు పేర్లు అక్కా."

అక్క టీ గ్లాసు గట్టు మీద పెట్టింది. నాన్న కుర్చీలో ముందుకు వంగాడు. ఏం మాట్లాడుకుంటున్నారో ఆయనకింకా తెలీదు.

"నేను సర్వే నుంచి వచ్చిన రోజు ప్రింటుందా అని అడిగాను," అంది చిన్ని. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు. "ల్యాబులో ఉండిపోయిందన్నావు. మార్చుకోవడానికి ఇంకా రెండు రోజుల గడువుంది అప్పటికి. అంతా బాగానే ఇచ్చాం, పడుకో అన్నావు."

"అన్నాను."

"ప్రింటు ల్యాబులో ఉందా?"

అక్క తడి లేని చేతులు మళ్ళీ తుడుచుకుంది. తర్వాత వెళ్ళి, కొక్కేనికి తగిలించిన తన సంచి తీసి, లోపలి అరలోంచి నాలుగు మడతల కాగితం పైకి లాగింది. మడతల దగ్గర నలిగిపోయి ఉంది. చాలాసార్లు తీసి, మళ్ళీ పెట్టిన కాగితం అది.

"చూస్తూనే తెలిసింది నాకు," అంది. "నాన్న కింది నుంచి చదువుతున్నాడని రెండో నంబరుకే తెలిసిపోయింది. చెప్దామనుకున్నాను. ఎవరో బిల్లు కోసం పిలిచారు. వచ్చేసరికి నాన్న మూడోది చదువుతున్నాడు. తర్వాత మార్చుకోవచ్చులే అనుకున్నాను. నువ్వు వచ్చాక ఇద్దామనుకున్నాను. ఆ రెండు రోజులూ సంచిలో పెట్టుకుని తిరిగాను. పొద్దున ఇద్దామని, సాయంత్రం ఇద్దామని."

"ఎందుకివ్వలేదు?"

"తెలీదు."

"అక్కా."

"తెలీదంటే పూర్తిగా తెలీదని కాదు." అక్క గుడ్డదిండు వైపు చూసింది. వరసగా గుచ్చిన సూదులు, వాటికి వేలాడుతున్న తెల్లదారాలు. "నువ్వు సర్వేకు పోయిన పది రోజులూ అవి నేనే ఎక్కించాను. రోజంతా అక్కడ సూదులు గుచ్చి ఇంటికొస్తే ఇక్కడ ఇవి. రెండేళ్ళు ఇలాగే అనుకున్నాను. అమ్మ కాజాలు, నానమ్మ మందులు, పక్క దులపడం, పొద్దున్నే నరాలు వెతకడం. రెండేళ్ళే కాదు, నువ్వు పోతే మళ్ళీ ఎందుకొస్తావు? నేనైనా రాను. ఇంత చిన్నదే. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు చిన్నీ. ఉంటే బాగుండేది."

నానమ్మ మంచం మీద కళ్ళు మూసుకుంది. నోట్లో నువ్వుగింజ నానదని పేరున్న మనిషి. ఇప్పుడు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

అమ్మ ముందు తేరుకుంది. "నిన్న సాయంత్రం నుంచీ నేను ఆయన్ని నానా మాటలూ అంటున్నాను. నువ్వు ఇక్కడే కూర్చుని విన్నావు."

"విన్నానమ్మా."

"ఆయన ఇంతవరకూ ముద్ద ముట్టలేదు."

"తెలుసు."

"తెలిసి ఎలా ఊరుకున్నావే?"

"అలవాటే కదమ్మా," అంది అక్క. "ఊరుకోవడం."

అమ్మ చేతిలో చొక్కా ఒళ్ళో పడింది. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో అమ్మకు అర్థమైంది. నాన్నకూ అర్థమైంది. నాలుగేళ్ళ కిందట అక్క సీటు పోయినప్పుడు ఈ ఇంట్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. పోయిందని కూడా ఎవరూ అనలేదు. ఒకరోజు ఆమె ల్యాబుకు వెళ్ళింది, అంతే.

"పెద్దదాన్ని ఏమీ అనొద్దు," అన్నాడు నాన్న. "చదివింది నేను. తప్పు నాది."

"నువ్వు చదివింది పొరపాటు నాన్నా," అంది అక్క. "నేను చేసింది పొరపాటు కాదు, తెలిసే చేశాను. అది వేరే. రెండూ కలిపి నువ్వు మోయొద్దు."

చిన్నికి కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. సంచిలోంచి తీసిన కాగితం ఇంకా అక్క చేతిలోనే ఉంది. అది తనకు ఇవ్వాలా అక్కరలేదా అన్నట్టు పట్టుకుని నిలబడింది అక్క. చిన్ని లేచి ఆ కాగితం తీసుకుంది. విప్పి చూడలేదు.

"టీ తాగు. చల్లారిపోతోంది," అంది.

*

నాలుగూ ముప్ఫై ఐదు.

"నేను వదిలేస్తున్నాను," అంది చిన్ని.

అమ్మ తల ఎత్తింది. "ఇంత జరిగాక కూడానా?"

"ఇంత జరిగాక కెమిస్ట్రీలో చేరితే, రెండేళ్ళూ పొద్దున లేచి అక్క మొహం చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. దానికీ నా మొహం చూస్తే ఇదే గుర్తొస్తుంది. ఒకే ఇంట్లో, అరగంట దూరంలో కాలేజీ. ఇద్దరం రోజూ కలిసే తింటాం."

"అక్కడ రాకపోతే?"

"రాకపోతే సంవత్సరం ఇంట్లో ఉంటాను. మేడమ్ దగ్గర సర్వే పని చేసుకుంటాను. మళ్ళీ రాస్తాను."

"ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె," అంది నానమ్మ కళ్ళు తెరవకుండానే. మామూలుగా ఈ సామెతకు ఆమె నవ్వుతుంది. ఇప్పుడు నవ్వలేదు. "పోనీలే. మీ తాత కూడా అంతే. సంతలో చేతికొచ్చిన ఎద్దును వదిలి రానిదాని కోసం చీకటి పడేదాకా నిలబడేవాడు."

"వచ్చేదా?" అంది అక్క.

"ఒకోసారి వచ్చేది. ఒకోసారి ఉత్త తాడు పట్టుకుని వచ్చేవాడు."

నాన్న లేచి వచ్చి చిన్ని పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చుంటే మోకాళ్ళు పటపటమంటాయి. ల్యాప్‌టాప్ తెరలోకి చూశాడు. కళ్ళజోడు లేదు. ఏమీ కనిపించి ఉండదు.

"ఒకసారి నా వల్ల పోయింది," అన్నాడు. "ఇప్పుడు వచ్చింది కూడా పోతే..."

"పోతే నా వల్ల పోతుంది నాన్నా. నీకు సంబంధం లేదు."

"సంబంధం లేకుండా ఎలా ఉంటుందే?"

చిన్ని తెర వైపు తిరిగింది. మీట నొక్కింది. 'ఈ సీటును వదులుకుంటున్నాను' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఖాయమేనా అని అడిగింది తెర. ఖాయమే అంది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఖాయమే అంది. అప్పుడు ఆరు ఖాళీ గళ్ళు వచ్చాయి. ఫారంలో ఇచ్చిన ఫోనుకు ఓటీపీ పంపించామని, పది నిమిషాల్లో అందులోని అంకెలు నింపమని కింద రాసి ఉంది.

ఫారంలో ఇచ్చింది నాన్న ఫోను నంబరు. చిన్ని ఊళ్ళో లేదు కాబట్టి అదే ఇచ్చారు.

నాన్న చొక్కా జేబులో ఫోను టింగుమంది.

అందరూ ఆ జేబు వైపు చూశారు. నాన్న ఫోను తీశాడు. చెయ్యి బారజాపి, దూరంగా పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. ఆయన పెదవులు కదిలాయి. అంకెలు లోపల చదువుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"చెప్పు నాన్నా," అంది చిన్ని, వేళ్ళు మీటల మీద పెట్టి.

నాన్న ఫోనునే చూస్తున్నాడు.

"నాన్నా. ఆరు అంకెలు."

అక్క దగ్గరికి వచ్చింది. "ఇటివ్వు, నేను చదువుతాను," అని చెయ్యి చాపింది. చాపిన చెయ్యిని తనే మళ్ళీ వెనక్కి తీసుకుంది.

గడియారం నాలుగూ నలభై ఒకటి. తెర మీద నిమిషాలు తగ్గుతున్నాయి. తొమ్మిది. ఎనిమిదీ యాభై. అమ్మ కుడుతున్న చొక్కా పక్కన పెట్టి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియనట్టు.

నాన్న నేలకు చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచాడు. అంకెలు పైకి చదవకుండానే ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఈసారి నీ ఇష్టమని కూడా అనలేదు. చిన్ని తల మీద ఒక్క క్షణం చెయ్యి ఉంచాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది.

"ఏమండీ," అంది అమ్మ.

గుమ్మం దగ్గర నాన్న చెప్పులు వేసుకుంటున్నాడు. ఎడమదానిలో కాలు దూరలేదు. వంగి పట్టీ సరిచేసుకున్నాడు.

"ఏమండీ, పిల్ల అడుగుతోంది."

ఆయన తలుపు తీశాడు. మెట్ల మీది ఎండలో ఒక్క నిమిషం నిలబడ్డాడు. తర్వాత మెట్లు దిగి, గేటు దాటి, వెనక్కి తిరిగి చూడకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా వీధిలోకి నడిచి వెళ్ళిపోయాడు.